సహకార సంస్థలో ఎర్రనల్లి

అబుదాబి ఎమిరేట్‌లో ఒక విశ్వవిద్యాలయానికి చెందిన వ్యవసాయ సహకార సంస్థలో నేను ఐదేళ్లు పనిచేశాను. ఆ ఐదేళ్లలో సంస్థ పేరు రెండుసార్లు మారింది. మొదట ‘సంస్థ’, తర్వాత ‘కేంద్రం’, ఆ తర్వాత ‘ఉత్కృష్ట కేంద్రం’. పేరు మారినప్పుడల్లా బోర్డు మార్చారు, విజిటింగ్ కార్డులు మార్చారు, టీ కప్పుల మీద ముద్ర మార్చారు. గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ అతను మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మమ్మల్ని ‘ఖీరా ఆఫీస్’ అనే, అంటే కీరదోసల ఆఫీసనే, పిలిచాడు. మేము చేసే పనేమిటో సరిగ్గా తెలిసినవాడు ఆ భవనంలో అతనొక్కడేనని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నాకు ఫోన్లు చేసి సలహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. జీతాలూ ప్రమోషన్లూ ఫైళ్ల సంగతి మీరు ఎలాగూ నేర్చుకుంటారు. ఎవరూ నేర్పనివే చెబుతాను. అందులో నా తప్పులే ఎక్కువ.

నల్లటి గళ్లు

నాది బాపట్ల దగ్గర ఊరు. ఇరవై ఏళ్లకు పైగా సహకార సంఘాల వాళ్లకు పాఠాలు చెప్పాను. 2020 మొదట్లో, అబుదాబిలో నర్సుగా చేస్తున్న మా చెల్లెలిని చూసి పోదామని వచ్చాను. విమానాలు ఆగిపోయాయి. చెల్లెలు మాస్కు మీద మాస్కు వేసుకుని డ్యూటీకి వెళ్లేది, నేను వాళ్లింట్లో పప్పు వండుతూ కూర్చునేదాన్ని. సరిగ్గా అప్పుడే అందరికీ భయం పట్టుకుంది, ఓడలు రాకపోతే కూరగాయలు ఎక్కడివి అని. ఇక్కడి తోటల యజమానులను ఒక సహకార సంఘంగా కలపాలని విశ్వవిద్యాలయం సంస్థ పెట్టింది. శిక్షకురాలు కావాలన్నారు. నేను దరఖాస్తు పెట్టాను, తీసుకున్నారు.

మొదటి ఆరు నెలలూ పాఠాలన్నీ కంప్యూటర్ తెర మీదే. పద్నాలుగు మంది సభ్యులు, పద్నాలుగు నల్లటి గళ్లు. ఒక్కరూ కెమెరా పెట్టరు, ఒక్కరూ పలకరు. సహకారం అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పాను, ఉర్దూలో చెప్పాను. మూడో వారం ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగి, నిమిషంసేపు ఆ నలుపును చూసి, మైకు ఆపడం మరిచిపోయి తెలుగులో విసుక్కున్నాను.

“అయ్యో దేవుడా, ఒక్కరైనా వింటున్నారా అసలు!”

“నేనింటున్న మేడం,” అంది ఒక గడి.

కెమెరా తెరుచుకుంది. ముందు కీరదోస తీగ కనిపించింది, దాని వెనక చెమటతో తడిసిన మొహం. నలభై ఏళ్లు పైబడిన మనిషి.

“మీరు తెలుగువారా?”

“తెలుగోన్నే మేడం. గంగారాం నా పేరు. మా అర్బాబ్, గీ తోట మాలిక్, ఫోను నా చేతిల వెట్టిండు. నువ్విను, ఏమన్న పనికొచ్చేదుంటె నాకు జెప్పు అని పోయిండు.”

“మరి మూడు వారాల్నుంచి ఏం చెప్పారు ఆయనకు?”

గంగారాం మొహానికి అడ్డొచ్చిన ఆకును పక్కకు జరిపాడు. “ఇంక ఏం జెప్పలే మేడం. పనికొచ్చేది రాలే.”

కోపం వచ్చింది నాకు. ఆ కోపం తగ్గడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత చెల్లెలి కారు తీసుకుని, మఫ్రఖ్ దాటి అల్ ఐన్ రోడ్డు పట్టి, ఆ తోటకు వెళ్లాను. మిగతా పదమూడు గళ్ల వెనకా ఎవరున్నారో ఆ వారంలో తెలిసింది. నేను యజమానులకు చెబుతున్నాననుకున్న పాఠం ముప్పాతిక మంది దగ్గర పనివాళ్ల జేబుల్లో మోగుతోంది. అందులో ఇద్దరికి ఉర్దూ కూడా రాదు.

నా క్యాలెండరు

గంగారాం పనిచేసే తోట అబూ సాలెంది. ఆయన సంఘంలో మొట్టమొదట చేరిన స్థానిక రైతు, వయసులో నాకన్నా పెద్ద. చిన్నప్పటి నుంచి పనివాళ్లతో కలిసి తిరిగినందువల్ల నాకన్నా మంచి ఉర్దూ మాట్లాడతాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడే, “నువ్వు ఖీరా టీచరువు. గంగారాం చెప్పాడు, నీకు కోపం ఎక్కువట,” అన్నాడు.

2021 చివరికల్లా సంఘానికి ఒక ఉమ్మడి ప్యాకింగ్ షెడ్డు, ఒక చల్లగది వచ్చాయి. కీరలన్నీ ఒకేసారి కోతకు వస్తే చల్లగది చాలదని నాకు తెలుసు. అందుకని సభ్యులను రెండు జట్లు చేసి, మూడు వారాల ఎడంతో నాట్లు వేసేలా క్యాలెండరు తయారుచేశాను. రంగు రంగుల గళ్లతో గోడకు అంటించేంత అందంగా వచ్చింది. మా డైరెక్టరు డాక్టర్ నబీల్ దాన్ని ఫ్రేము కట్టించాడు.

గంగారాంకు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు.

“గిది నడవది మేడం. ముందుగాల వెట్టినయ్ సలికాలంల వడ్తయ్. సలికి మొక్క కూసుంటది, లేవది. ఎనుకవెట్టినయ్ లేసే యాల్లకు ఎండ వస్తది. రెండూ ఒక్కపారే కాతకొస్తయ్.”

“కీరకు ఇన్ని రోజులని లెక్క ఉందండీ. పుస్తకంలో ఉంది.”

“పుస్తకానికి సలి వెట్టదు మేడం.”

నేను వినలేదు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. ఎడారిలో చలేమిటి అనుకున్నాను. ఆ రాత్రుల్లో గ్రీన్‌హౌస్ లోపల ఎంత చలి ఉంటుందో చూడటానికి నేనెప్పుడూ వెళ్లలేదు. అతను పన్నెండేళ్లుగా ఆ పక్క రేకుల గదిలోనే పడుకుంటున్నాడు.

ఫిబ్రవరిలో రెండు జట్ల కీరలూ ఒకే వారంలో దిగాయి. చల్లగది నిండింది, షెడ్డు నిండింది, షెడ్డు ముందు నీడ నిండింది. మూడో రోజుకు పసుపు తిరిగాయి. షెడ్డులో సభ్యులందరూ నిలబడి ఉండగా నేను అటు తిరిగినా ఇటు తిరిగినా కీరలే. అబూ సాలెం ఒక క్రేటు పైకెత్తి పికప్‌లో పెట్టుకుంటూ అన్నాడు:

“నీ క్యాలెండరు నా కీరలను తిన్నది. మిగిలినవి నా మేకలు తింటాయి. ఖలాస్.”

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. గంగారాం అయితే ఆ మాట మళ్లీ ఎత్తనే లేదు. మరుసటి ఏడు క్యాలెండరు రాసేముందు నేనే నోటు పుస్తకం పట్టుకుని వెళ్లి అతని ముందు కూర్చున్నాను. ఆఫీసు గోడ మీద మాత్రం ఆ పాత క్యాలెండరు ఫ్రేము అలాగే ఉంది. వచ్చిన ప్రతి అతిథికీ డాక్టర్ నబీల్ దాన్నే చూపించేవాడు. మీరూ చూసి ఉంటారు. దయచేసి దాన్ని నమ్మకండి.

ఏ గడిలో వేస్తావు?

డాక్టర్ నబీల్ చెడ్డవాడు కాదు. ఎవరి మీదా అరవగా నేను చూడలేదు. నాకు జ్వరం వస్తే ఇంటికి పండ్లు పంపాడు. కానీ ఆయన దృష్టిలో సహకారమంటే ఒక మంచి హాలు, పొడవాటి బల్ల, బల్ల చుట్టూ సమాన ఎత్తున కుర్చీలు. శిక్షణలన్నీ హోటల్ హాళ్లలో జరిగేవి. యజమానులు లోపల సర్టిఫికెట్లు తీసుకునేవాళ్లు, పనివాళ్లు బయట పికప్‌లలో ఏసీ వేసుకుని నిద్రపోయేవాళ్లు.

పనివాళ్లకు షెడ్డులోనే, సెలవు రోజు పొద్దున, తెలుగులో, ఉర్దూలో పాఠం పెడతానని అడిగాను.

“కార్మికులు సభ్యులు కారు కదా,” అన్నాడు.

“కారు. కానీ కీరలు పండించేది వాళ్లే.”

“నాకు తెలుసు. హాజరు పట్టీలో వాళ్లను ఏ గడిలో వేస్తావు? సభ్యుడు, అతిథి, అధికారి. ఈ మూడే ఉన్నాయి.”

నాలుగు నెలలు ఆ గడి కోసం ఉత్తరాలు నడిచాయి. చివరికి అబూ సాలెం ఒక కాగితం మీద, “నా ప్రతినిధి గంగారాం,” అని రాసి సంతకం పెట్టాడు. అది చూసి మిగతా సభ్యులూ పెట్టారు. ఆ తర్వాత షెడ్డు నేల మీద అట్టలు పరుచుకుని పాతిక మంది కూర్చునేవాళ్లు. నా ఉద్యోగమంతటిలో ఉద్యోగమనదగ్గవి ఆ పొద్దుటిపూటలే.

క్రేట్ల దారి

తర్వాతి ఏడు వేసవి ముందు ఎర్రనల్లి వచ్చింది. కంటికి సరిగ్గా ఆనని పురుగు. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. ముందు ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్లచుక్కలు, తర్వాత సన్నటి గూడు, తర్వాత ఆకు కంచు రంగుకు తిరిగి ఎండిపోతుంది. ఒక్క తోటలో వస్తే ఆశ్చర్యం లేదు. పదిహేను రోజుల్లో ఆరు తోటల్లో వచ్చింది, మధ్యలో కొన్ని తోటలు వదిలేసి. గాలికి వస్తే అలా దూకి రాదు.

పనివాళ్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది, నన్నూ చేర్చుకున్నారు. గంగారాం దానికి ‘తోట ముచ్చట’ అని పేరు పెట్టాడు. అందరికీ రాయడం రాదు కాబట్టి మాటలు రికార్డు చేసి పంపుకునేవాళ్లు. తెలుగు, హిందీ, బంగ్లా అన్నీ కలిసిన భాష. అందులో గంగారాం ఒక్కొక్క తోటవాణ్నీ ఒకటే అడుగుతూ పోయాడు: చుక్కలు ఏ రోజు కనిపించాయి, అంతకు ముందు మీకు ఖాళీ డబ్బాలు, అంటే కీరలు నింపే క్రేట్లు, ఎక్కడి నుంచి వచ్చాయి.

నాలుగో రోజున నాకు ఫోన్ చేశాడు.

“మేడం, దొరికింది. గాలి గాదు, నీళ్లు గాదు. డబ్బలు.”

సంఘం పెట్టినప్పుడు మేమెంతో గొప్పగా చెప్పుకున్న ఉమ్మడి క్రేట్లు! ఎవరి క్రేట్లు ఎవరికైనా వెళతాయి. అడుగున ఇరుక్కున్న ఆకు ముక్కల్లో పురుగు ఒక తోటలో ఎక్కి ఇంకో తోటలో దిగుతోంది. మేము రైతులను కలిపాం, పురుగుకు దారి వేశాం. తెగులు మొదలైన తోట ఏదో కూడా గంగారాం తేల్చాడు. దాని యజమాని సంఘం కమిటీలో పెద్ద మనిషి. తన తోటలో తెగులు ఉందని ఆయన ఎవరికీ చెప్పలేదు.

నేను అదే రోజు డాక్టర్ నబీల్‌కు రిపోర్టు రాశాను. షెడ్డులో క్రేట్లు కడిగి ఎండలో పెట్టే ఏర్పాటు వెంటనే చేయాలని కోరాను. ఆయన రుజువు అడుగుతాడని తెలుసు. అందుకని గంగారాం మాటల రికార్డులు కూడా జతచేసి పంపాను. తోట పేరు, తేదీలు, అన్నీ అతని గొంతులో.

పిల్లలూ, నా జీవితంలో నేను రాసిన రిపోర్టులన్నిటిలోకీ పకడ్బందీగా ఉన్నది అదే. నేను చేసిన పనులన్నిటిలోకీ నీచమైనదీ అదే.

సాక్ష్యం

డాక్టర్ నబీల్ ఆ రిపోర్టును పద్ధతి ప్రకారం కమిటీకి పంపాడు. కమిటీలో ఆ పెద్ద మనిషి ఉన్నాడు. క్రేట్ల సంగతి పక్కకు పోయింది. సభ్యుల రహస్యాలు పనివాళ్లు ఫోన్లలో పంచుకుంటున్నారని, దానికి నాయకుడైన మనిషిని తిరిగి స్వదేశం పంపించాలని ఆయన ఫిర్యాదు పెట్టాడు. గ్రూపు మూసేయమని మా ఆఫీసు నుంచే ఉత్తర్వు వెళ్లింది.

సాయంత్రం గంగారాం ఫోన్ వచ్చింది. నమస్తే కూడా అనలేదు.

“మేడం, నా గొంతెందుకు పంపినవ్?”

“సాక్ష్యం కోసమండీ. లేకపోతే నమ్మరని...”

“సాక్ష్యం నీకు. నౌకరి నాది.”

అటువైపు గ్రీన్‌హౌస్‌ను చల్లబరిచే తడి ప్యాడ్ల నుంచి నీళ్లు కారే చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతనే ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే అబూ సాలెం ఇంటికి వెళ్లాను. ఆయన కావా, అంటే అరబ్బీ కాఫీ, పోశాడు, తాగేదాకా ఆగాడు.

“గంగారాంను నేను పంపను. నా మనిషిని పంపమనడానికి వాళ్లెవరు? అతని వీసాకు పూచీ ఉన్న కఫీల్‌ను నేను,” అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ అన్నాడు, “కానీ ఇకమీద నీతో మాట్లాడొద్దని చెప్పాను. నీ మనసు మంచిదే. నీ మంచి మనసు వల్ల పోయినా నౌకరి పోయినట్టే కదా.”

ఆ గ్రూపు ఆగిపోయింది. షెడ్డులో పాఠానికి పాతిక మంది వచ్చేచోట నలుగురు వచ్చారు, ఆ నలుగురూ మాట్లాడలేదు. మరుసటి పంట కాలంలో ఎర్రనల్లి మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లి చూసేసరికి మూడు తోటలు ఎండుగడ్డిలా ఉన్నాయి. అప్పుడు డాక్టర్ నబీల్ సమావేశం పెట్టి ఒక ప్రశ్న వేశాడు, నిజంగానే తెలియక వేశాడు:

“మన సమాచార వ్యవస్థ ఎందుకు పనిచేయలేదు?”

నేను చెప్పాను. ఆయన రాసుకున్నాడు. తర్వాత ఒక కన్సల్టెంటును పిలిపించి యాప్ చేయించాడు, అరబిక్‌లో, ఇంగ్లీషులో. తోటల నుంచి ఆ యాప్‌లోకి వచ్చిన మొదటి ఫోటో ఒక మేకది. అది చూసి కన్సల్టెంటు, వాడకం మొదలైందని సంతోషించాడు.

రంగులు

ఒక సెలవు రోజు పొద్దున షెడ్డుకు వెళ్లాను. పదిహేను మంది దాకా కీరలు ఏరుతున్నారు, గంగారాం కూడా. అందరికీ వినిపించేలా చెప్పాను: “తప్పు నాది. అడగకుండా గంగారాం గారి మాటలు పంపాను. మీరు మాట్లాడటం మానేశారు, నాకు అర్థమైంది.”

ఎవరి చేతులూ ఆగలేదు. గంగారాం వంకర కీరలు ఒకవైపు, చక్కనివి ఒకవైపు వేస్తూనే ఉన్నాడు. చివరికి తల ఎత్తకుండా అన్నాడు.

“తప్పంటే అయితదా మేడం? డబ్బలకు రంగెయ్యుర్రి. ఎవల మజ్రాకు, ఎవల తోటకు ఆ రంగు. ఎవల డబ్బలు ఆళ్లకే పోవాలె. గంతే.”

అంతే! నిజంగా అంతే. నేను ఆఫీసుకు వెళ్లి చెబితే రంగుల ఎంపికకు ఉపసంఘం వేస్తామన్నారు. అబూ సాలెంకు చెబితే తన మజ్లిస్‌కు, ఇంట్లో అతిథులు కూర్చునే గదికి, నలుగురు సభ్యులను పిలిచాడు. ఒక కావా కప్పు అయ్యేలోపు తేలిపోయింది. ఆ పెద్ద మనిషి కూడా వచ్చాడు. ఎవరూ పాతది ఎత్తలేదు. ఆయన తన తోటకు ఆకుపచ్చ కావాలని మాత్రం పట్టుబట్టాడు.

ఇళ్లకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు సభ్యులే పంపారు. పనివాళ్లు రెండు సెలవు రోజులు కూర్చుని వేశారు. రంగులు చాలక రెండు తోటలకు చారలు గీశారు. నేనూ వేశాను. నా చున్నీకి అంటిన నీలం ఇప్పటికీ పోలేదు. ఆ పంట కాలంలో ఎర్రనల్లి ఒకే తోటలో వచ్చి అక్కడే ఆగింది.

గంగారాం తనంతట తానుగా నాతో మాట్లాడటం మొదలుపెట్టడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. అదీ పని మాటలే. ఆ గ్రూపు మళ్లీ పుట్టిందని విన్నాను. నన్ను చేర్చలేదు. చేర్చమని నేనూ అడగలేదు.

చరిత్ర

నేను దిగిపోయే ఏడాది సంస్థకు ఐదేళ్లు నిండాయి. చరిత్ర పుస్తకం వేయాలన్నారు, మొదటి నుంచి ఉన్నదాన్ని కాబట్టి నన్నే రాయమన్నారు. నల్లటి గళ్ల నుంచి చారల క్రేట్ల దాకా అన్నీ రాశాను, నా క్యాలెండరుతో సహా. ముందుగా వెళ్లి గంగారాంను అడిగాను, పేరు రాయమంటారా అని. రెండు రోజులు గడువు అడిగాడు. మూడో రోజు ఫోన్ చేసి, “పేరు రాయి. ఊరు రాయకు,” అన్నాడు.

అచ్చయి వచ్చిన పుస్తకంలో క్రేట్ల కథ అరపేజీ ఉంది. ‘రంగుల ఆధారిత జీవభద్రతా విధానం’ అని పేరు పెట్టారు. దాన్ని ‘కేంద్రం రూపొందించింది’. నా క్యాలెండరు మాత్రం నిండు పేజీ రంగుల్లో వేశారు. గంగారాం పేరెక్కడ అని డాక్టర్ నబీల్‌ను అడిగితే నొచ్చుకున్నాడు.

“సంస్థ చరిత్ర కదా. మనుషుల పేర్లు పెడితే ఎవరిని పెట్టాలి, ఎవరిని వదలాలి?”

“డైరెక్టరు పేరు పదకొండు చోట్ల ఉంది సార్.”

“అది హోదా. పేరు కాదు,” అన్నాడు, మనస్ఫూర్తిగా.

నాకు వాదించే ఓపిక అయిపోయింది. అందుకే, అడిగి తీసుకున్న ఆ పేరును ఇక్కడ రాశాను. ఊరు రాయలేదు.

అప్పగింత

చివరి వారంలో నా స్థానంలోకి వచ్చిన అమ్మాయిని తోటలకు తీసుకెళ్లాను. అనంతపురం అమ్మాయి, మంచి చదువు, చేతిలో కొత్త ట్యాబు. కారులో ఉన్నంతసేపూ సభ్యుల జాబితా ఎక్కడ దొరుకుతుందని అడిగింది. హాజరు గళ్ల గురించి చెప్పాను. నవ్వింది. నేను అబద్ధం చెబుతున్నాననుకుంది.

గంగారాం గ్రీన్‌హౌస్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఇంకో తోట పురుగు వెంట వస్తుందని లోపలికి రానివ్వలేదు.

“ముందుగాల చెప్పులిడువుర్రి. ఏ మజ్రాకెళ్లి వస్తున్నరు?”

అమ్మాయి చెప్పులు విడిచింది. మేము వచ్చిన తోట పేరు చెప్పింది. ఏదో అడగబోతూ ట్యాబు పైకెత్తింది. గంగారాం ఆ ట్యాబు వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“మేడం, గిండ్ల మా గొంతు వడ్తదా?” అని ఆమెను అడిగాడు.

ఆమె నా మొహం చూసింది. చెప్పడం నా వంతు కాదనిపించింది. ఆమె వెనక్కి నడిచి వెళ్లి ట్యాబును కారులో పెట్టి, తలుపు వేసి, ఇసుకలో ఒట్టి కాళ్లతో తిరిగి వచ్చింది. చేతిలో చిన్న నోటు పుస్తకం, పెన్ను.

“రికార్డు చేయనండీ. మీరు చెప్పింది రాసుకోవచ్చా?”

గంగారాం గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

“అడిగినవ్ గద,” అన్నాడు. “రాస్కో.”